మతేరా గుహలో పడక (విడిదిళ్ళ చరిత్ర – 9)

1952 మే 17 నాటి ఇటలీ చట్టం ఒకటుంది. నంబరు 619. దక్షిణాన బసిలికాటా ప్రాంతంలోని మతేరా ఊళ్ళో, రాతిని తొలిచి చేసుకున్న ఇళ్ళను ఖాళీ చేయించి, వాటిలో ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఖర్చుతో వేరేచోట ఇళ్ళు కట్టివ్వాలన్నది దాని సారాంశం. అప్పటికి ఆ గుహల్లో పదిహేను వేల పైచిలుకు జనం ఉండేవారు. అంటే ఊళ్ళో దాదాపు సగం. తర్వాతి పదిహేనేళ్ళలో ఇంచుమించు అందరూ బయటికి వచ్చేశారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి మళ్ళీ ఎవరూ చేరకుండా ఎన్నో గుమ్మాలకు రాతి దిమ్మలు పేర్చి అడ్డుగోడలు కట్టేశారు.

ఆ గుమ్మాల్లోంచే ఇప్పుడు యాత్రికులు పెట్టెలు మోసుకుంటూ లోపలికి వెళుతున్నారు. మనుషులు ఉండటానికి పనికిరాదని తేల్చిన చోట రాత్రి పడకకు అద్దె కడుతున్నారు. ఈ వారం మన విడిది అటువంటి ఇంట్లోనే. నాలుగైదు గదులున్న చిన్న అతిథిగృహం, ఒక కుటుంబం నడుపుతున్నది. ఇంటి పేరు చెప్పను. ఆ సందులో ఏ తలుపు తట్టినా వినిపించే కథ ఇది.

గత వారం నేపుల్స్‌లో సముద్రం పక్కన ఉన్నాం. మతేరా అలా దారిలో తగిలే ఊరు కాదు. 2019లో ఐరోపా సాంస్కృతిక రాజధాని హోదా అందుకునే నాటికి కూడా ఇటలీ జాతీయ రైలు మార్గం ఇక్కడికి రాలేదు. ఆడ్రియాటిక్ తీరంలోని బారీ నుంచి చిన్న గేజి రైలు ఒకటి ఆలివ్ తోటల మధ్య నుంచి, గోధుమ చేల మీదుగా నెమ్మదిగా వస్తుంది. దిగాక కనిపించేది మామూలు ఇటలీ పట్టణమే. బ్యాంకులు, కాఫీ దుకాణాలు, సాయంత్రం షికారుకొచ్చిన సంసారాలు. విత్తోరియో వెనెతో చౌకులో మూడు కమానుల వెనక చిన్న వసారా ఉంటుంది. అక్కడ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూసేదాకా, కాళ్ళకింద ఇంకో ఊరు ఉన్న సంగతే తెలియదు.

ఆ కింది ఊరి పేరు సస్సి. లోతైన గ్రవీనా లోయ అంచున, కొండచరియను ఆనుకుని రెండు గిన్నెల్లా దిగిన రెండు పేటలు. ఉత్తరాన బారీ వైపు ఉన్నది సస్సో బరిసానో, దక్షిణాన ఉన్నది సస్సో కవెయోసో. రెంటి మధ్య మెట్టమీద చివితా. దాని నెత్తిన 13వ శతాబ్దంలో కట్టిన పెద్ద చర్చి. గోడలు, మెట్లు, కప్పులు, పొగగొట్టాలు అన్నీ ఒకటే తేనెరంగు రాయి. ఇక్కడివాళ్ళు దాన్ని తూఫో అంటారు. శాస్త్రజ్ఞులు మాత్రం అది అగ్నిపర్వతాల రాయి కాదని, సముద్రపు గవ్వలూ ఇసుకా గట్టిపడి ఏర్పడిన సున్నపురాయని చెబుతారు. గోడను వేలితో రుద్దితే పొడి రాలుతుంది. ఇనుప పనిముట్టుతో తొలచగలిగేంత మెత్తన, కట్టినది నిలబడేంత గట్టి. ఈ ఊరి చరిత్రంతా ఆ రాయి గుణం మీదే ఆధారపడింది.

మన ఉండవల్లిలో కొండను లోపలికి తొలిచి స్తంభాలు నిలిపినట్టుగానే ఇక్కడా పని మొదలవుతుంది. తేడా ఏమిటంటే, తవ్విన రాయిని ఇక్కడ పారేయరు. తొలుస్తూ తీసిన దిమ్మలను కోసి, వాటితోనే గుహ నోటి ముందు కమాను కప్పుతో గది కడతారు. ఆ ముందు గదిని లమియోనె అంటారు. ఎంత లోపలికి తవ్వితే అంత రాయి, ఎంత రాయి దొరికితే అంత ముందుకు ఇల్లు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే కింది ఇంటి కప్పే పై ఇంటివాళ్ళకు వీధి అవుతుంది. మేం దిగిన విడిది కప్పు మీదుగా రాత్రి పొద్దుపోయేదాకా ఎవరో నడుస్తూనే ఉన్నారు.

ఇంటి యజమానురాలు మమ్మల్ని తలుపు దగ్గరే నిలబెట్టి ముందు కిందికి చూడమన్నారు. నేల లోపలికి ఏటవాలుగా దిగుతోంది. కావాలని చేసినదే. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి వాలు వెంట ఎండ వెనక గోడ దాకా పాకుతుంది. వేసవిలో నడినెత్తి సూర్యుడి ఎండ గుమ్మం దాటదు. ఇది చదువుకున్న వాస్తుశిల్పులు గీసిన పటం కాదు, తరతరాల తాపీవాళ్ళు చూసి నేర్చుకున్నది. జులై మధ్యాహ్నం పైన చౌకులో రాళ్ళు కాలిపోతుంటే లోపల దుప్పటి కావాల్సి వచ్చింది.

ముందు గదిలో ఇప్పుడు బల్ల, కుర్చీలు, కాఫీ యంత్రం. దాని వెనక రాతిలోకి తొలిచిన భాగంలో మంచం. మంచానికి అటుపక్క గోడలో నడుము ఎత్తున పొడవాటి గూడు, అందులో పుస్తకాలూ దీపమూ పెట్టారు. గూడు అంచున రాయిలోనే కడియంలా తొలిచిన రంధ్రం ఉంది. అంచులు తాడు ఒరిపిడికి నునుపెక్కాయి. ఆ గూడు ఒకప్పటి గాడి. మేత వేసే తొట్టి. రంధ్రం కంచరగాడిదను కట్టేయడానికి. 

యజమానురాలు ఈ సంగతి దాచలేదు, అందంగా తిప్పి చెప్పడానికీ చూడలేదు. “ఇక్కడ జంతువు, అక్కడ మనుషులు. మధ్యలో గోడ లేదు” అన్నారు, చేత్తో కొలిచి చూపిస్తూ. ఆవిడ అమ్మమ్మ ఇలాంటి ఇంట్లోనే పెరిగారట. ఆ మాట చెప్పినప్పుడు గొంతులో గర్వమూ లేదు, బాధా లేదు. మన పెద్దవాళ్ళు కరువు కాలం గురించి చెప్పినట్టే చెప్పారు.

కాపురం ఎలా ఉండేదో కళ్ళతో చూడాలంటే విచో సొలితారియో సందులో పాత సామానుతో అలాగే ఉంచిన గుహ ఇల్లు ఒకటుంది, మ్యూజియంగా నడుపుతున్నారు. మంచం బాగా ఎత్తు. పరుపులో మొక్కజొన్న పొత్తుల ఆకులు కూరారు. తేమ నుంచి తప్పించుకోవడానికి ఎత్తు. కింద ఖాళీ పోనివ్వకుండా కోళ్ళు. బట్టల బీరువా సొరుగు లాగితే పసిపిల్లల పడక. బల్ల మధ్యలో ఒక్కటే పెద్ద పళ్ళెం, ఇంటిల్లిపాదీ అందులోంచే తినేవారు. వెనకాల కంచరగాడిద. దాని ఒంటి వేడి చలికాలం గదికి ఆసరా. పొలంలో కూలి పనికి పోవాలంటే, తెల్లవారుజామునే లేచి కొన్ని గంటల దూరం వెళ్ళాలి. ఆ జంతువు లేకపోతే కుటుంబానికి తిండి లేదు. దొంగల భయం, చలి, చోటు లేకపోవడం, మూడూ కలిసి దాన్ని ఇంట్లోకి తెచ్చాయి. 

ఇళ్ళు ఒక్కొక్కటిగా ఉండేవి కావు. ఏడెనిమిది ఇళ్ళ గుమ్మాలు ఒక చిన్న వాకిట్లోకి తెరుచుకునేవి. దాన్ని విచినాతో అంటారు. మధ్యలో నీళ్ళ సంపు, బట్టలు ఉతికే రాతి తొట్టి. ఒకరింటి పసిబిడ్డకు ఇంకొకరు పాలివ్వడం, పెళ్ళికీ చావుకీ వాకిలంతా కదిలిరావడం, అప్పు, పోట్లాట, రాజీ అన్నీ అక్కడే. ఆగస్టు మొదటి రోజున ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు శనగలో, చిక్కుళ్ళో, అలచందలో, గోధుమలో తెచ్చి ఒకే కుండలో ఉడికించేవారు. ఆ పులుసుకు క్రపియాతా అని పేరు. ఇప్పటికీ వండుతారు. మా విడిదిలో కూడా పెట్టారు. ఉప్పు, ఆలివ్ నూనె తప్ప మసాలా ఏమీ ఉండదు. గింజల రుచే రుచి.

రొట్టె మాత్రం మరీ ముఖ్యమైన సంగతి. ఈ ప్రాంతపు గట్టి గోధుమల పిండితో, పులిసిన పిండిని కలిపి చేసే పెద్ద రొట్టె, పైన మందపాటి చెక్కు. వారం రోజులు నిలవ ఉంటుంది. ఇంట్లో రొట్టె కాల్చే పొయ్యి లేదు కాబట్టి పిండి కలిపి పేట బట్టీకి పంపేవారు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలి కదా, అందుకని ప్రతి ఇంటికీ చెక్కతో చెక్కిన ముద్ర ఉండేది. గొర్రెల కాపరులు మేత దగ్గర కూర్చుని కత్తితో చెక్కిన ముద్రలు. పిడి మీద కోడిపుంజో మనిషి బొమ్మో, అడుగున ఇంటి పెద్ద పేరులోని అక్షరాలు. మతేరా రొట్టెకు 2008లో ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముద్రలు ఇప్పుడు బహుమతుల దుకాణాల్లో వేలాడుతున్నాయి. అసలు పాతవి ఊళ్ళోని మ్యూజియంలో చూడండి. పిడి మీద చేతి మురికి నల్లగా పట్టి ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆదిమానవుల నాటి నుంచీ ఇక్కడి జనం ఇలాగే జంతువులతో పాటు గుహల్లో బతికారని, తొమ్మిది వేల ఏళ్ళుగా ఏమీ మారలేదని గైడ్లు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కాని అది చరిత్ర కాదు. గ్రవీనా లోయకు ఆవలి గట్టున, ముర్జియా పీఠభూమి మీద కొత్తరాతియుగపు పల్లెల చుట్టూ తవ్విన కందకాలు ఉన్నమాట నిజం. ఈ ఊరి వైద్యుడు దొమేనికో రిదోలా వాటిని తవ్వి బయటపెట్టాడు, ఆయన సేకరణతోనే 1911లో ఇక్కడి పురావస్తు మ్యూజియం ఏర్పడింది. మధ్యయుగంలో సన్యాసులూ రైతులూ తొలిచిన గుహ చర్చిలు ఊళ్ళోనూ చుట్టుపక్కలా వందకు పైగానే ఉన్నాయి, వాటి గోడల మీద బైజాంటిన్ తీరు చిత్రాలు ఇంకా నిలిచి ఉన్నాయి. కాని 1950లో ప్రపంచం చూసిన దరిద్రం అంత పాతది కాదు.

మతేరా ఒకప్పుడు కలిగిన ఊరే. ఉన్ని, గోధుమలు, పశువుల సంతలు. ఇక్కడి జనానికి పౌరుషం కూడా తక్కువ కాదు. ఊరిని కొనుక్కుని పన్నులతో పీల్చిన జొవాన్ కార్లో త్రమొంతానో అనే ప్రభువును 1514 డిసెంబరు 29న పెద్ద చర్చి దగ్గర సందులో చంపేశారు. ఆయన మొదలుపెట్టిన కోట సగంలో ఆగిపోయి ఇవాళ్టికీ ఊరి మీద మూడు బురుజులతో నిలబడి ఉంది. ఆ సందుకు జనం పెట్టిన పేరు విమోచన వీధి. 1663లో మతేరా బసిలికాటాకు రాజధాని అయింది. 1806లో, నెపోలియన్ అన్న జోసెఫ్ బోనపార్ట్ నేపుల్స్ రాజుగా ఉండగా రాజధాని పొతెన్జాకు తరలిపోయింది. కచేరీలూ ఉద్యోగాలూ దాంతోపాటే పోయాయి. 

అసలు దెబ్బ భూమి దగ్గర తగిలింది. పంతొమ్మిదో శతాబ్దంలో చర్చి భూములూ, ఊరుమ్మడి భూములూ అమ్మకానికి వచ్చాయి. కొన్నవాళ్ళు డబ్బున్న కుటుంబాలవాళ్ళు. మేతకూ కట్టెలకూ ఆధారమైన ఉమ్మడి నేల కంచెల వెనక్కి పోయింది. గొర్రెల మందలు తగ్గాయి. సొంత మడిచెక్క లేని దినకూలీలు పెరిగారు. కలిగినవాళ్ళు పై ఊరికి, సమతలం మీదికి వెళ్ళి మేడలు కట్టుకున్నారు. కింద జనం మాత్రం పెరుగుతూనే ఉన్నారు. వాళ్ళకు చోటెక్కడిది? కొట్టాలు ఇళ్ళయ్యాయి. గిడ్డంగులు ఇళ్ళయ్యాయి. చివరికి నీళ్ళ సంపులు కూడా ఎండగట్టి, గోడ పగలగొట్టి, గుమ్మం పెట్టి కాపురాలు పెట్టారు. 

నీళ్ళ గొయ్యిలో మనుషులు పడుకోవడమంటే ఏమిటో ఆలోచించండి. ఈ ఊరు నిలబడిందే నీటి లెక్క మీద. వానాకాలం తప్ప నీరు దొరకని సున్నపురాతి నేల ఇది. కప్పుల మీద పడిన ప్రతి చుక్కనీ రాతి కాలువల్లో నడిపించి ఇంటి కింద గంట ఆకారపు సంపులో నిలవ చేసేవారు. లోపల సున్నంలో పెంకుల పొడి కలిపిన గచ్చు పూస్తే చుక్క ఇంకేది కాదు. ఇలాంటివి ఊరంతా వందలు. పై చౌకు కిందనున్న పలొంబారో లుంగో అనే పెద్ద సంపు దాదాపు యాభై లక్షల లీటర్లు పట్టేది. పదిహేను మీటర్ల పైచిలుకు లోతు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొళాయి నీళ్ళు వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1991లో చౌకు పనులు చేస్తుండగా మళ్ళీ బయటపడింది. ఇప్పుడు ఇనుప వంతెన మీద లోపల నడవచ్చు. గోడల మీద నీటి గుర్తులు మనిషి ఎత్తుకు ఎంతో పైన కనిపిస్తాయి. ఒక దర్బారు మందిరమంత ఉందది. ఆ నీటి పనితనం చూశాక ఈ జనాన్ని వెనకబడినవాళ్ళని అనడానికి నోరు రాదు. 

సంపులు ఇళ్ళుగా మారేసరికి ఆ ఏర్పాటంతా దెబ్బతింది. తేమ గోడల్లోకి ఎక్కింది. మురుగు పారే వాగులు వాడల మధ్య నుంచి తెరిచే ఉండేవి. 1930లలో వాటిని కప్పి రోడ్లు వేశారు. మలేరియా, కళ్ళను తినేసే ట్రకోమా, విరేచనాలు. పిల్లలు చనిపోవడం మామూలైంది. 

రోమ్‌కు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. ప్రధానమంత్రి జుసెప్పె జనార్దెల్లి 1902 సెప్టెంబరులో, డెబ్బై అయిదేళ్ళ వయసులో బసిలికాటా అంతా తిరిగి మతేరా గుహలను స్వయంగా చూశాడు. ఆయన పోయాక 1904లో ఈ ప్రాంతం కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. గుహల్లో మార్పేమీ రాలేదు. 

దేశాన్ని కదిలించింది ఒక పుస్తకం. తూరిన్‌కు చెందిన కార్లో లెవి డాక్టరు చదివిన చిత్రకారుడు. ముస్సోలినీని ఎదిరించినందుకు 1935లో ఆయన్ను బసిలికాటాకు ప్రవాసం పంపారు, మొదట గ్రస్సానోకు, తర్వాత అలియానో అనే పల్లెకు. 1936లో విడుదలయ్యాడు. ఆ అనుభవాలతో రాసిన ‘క్రీస్తు ఎబోలి దగ్గరే ఆగిపోయాడు’ 1945లో అచ్చయింది. అందులో మతేరా గురించిన పుటలు ఆయన అక్క లూయీజా కళ్ళతో చూసినవి. ఆవిడా డాక్టరే. తమ్ముణ్ణి చూడటానికి వస్తూ మతేరాలో ఆగింది. వెంటపడిన పిల్లలు ఆవిడను డబ్బులు అడగలేదు, క్వినైన్ అడిగారు. ఆ ఒక్క సంగతి నన్ను ఏ లెక్కలూ కదిలించనంతగా కదిలించింది. చాక్లెట్టు పేరు తెలియాల్సిన వయసులో వాళ్ళకు మందు పేరు తెలుసు.

1943 సెప్టెంబరు 21న ఈ ఊరి జనం వెనుదిరుగుతున్న జర్మన్ సైనికుల మీద తిరగబడ్డారు. దక్షిణ ఇటలీలో అలా తిరగబడ్డ తొలి ఊళ్ళలో ఇదొకటి. యుద్ధం అయ్యాక ఓట్ల రాజకీయం మొదలైంది. 1948లో కమ్యూనిస్టు నాయకుడు పల్మీరో తొల్యాత్తి వచ్చి చూశాడు. మతేరా జాతికి సిగ్గుచేటన్న మాట అప్పటి నుంచే ప్రచారంలోకి వచ్చింది. 1950 జులైలో ప్రధాని అల్చీదె దె గాస్పెరి వచ్చాడు. రెండేళ్ళకు చట్టం.

చట్టంతో పాటు ఒక మంచి పని కూడా జరిగింది. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరి, ఆర్కన్సాలో పాఠాలు చెబుతున్న ఫ్రీడ్మన్ అనే జర్మన్ యూదు పండితుడు ఈ రైతుల జీవితాన్ని చదవడానికి వచ్చాడు. టైపురైటర్ల కంపెనీ అధిపతి అద్రియానో ఒలివెత్తి అండగా నిలిచాడు. డాక్టర్లు, మానవశాస్త్రవేత్తలు, వాస్తుశిల్పులు కలిసి వాకిలి వాకిలీ తిరిగారు. వాళ్ళు చెప్పింది ఒక్కటే. ఇళ్ళు మార్చండి, కాని విచినాతోను చంపకండి. ఆ ఆలోచనతో లుదొవీకో క్వరోనీ, తోటి వాస్తుశిల్పులు లా మర్తెల్లా అనే కొత్త పల్లె గీశారు. చిన్న ఇళ్ళు, ఇంటినానుకుని కొట్టం, చర్చి, రొట్టె బట్టీ. 1953లో దె గాస్పెరి వచ్చి తాళాలు అందించాడు. వాస్తుశిల్ప పత్రికలు దాని గురించి రాశాయి.

కాని సాగు భూమి చాలినంత రాలేదు. పల్లె ఊరికి దూరం, పొలాలు చిన్నవి. కంచరగాడిద కోసం కట్టిన కొట్టం ఉంది, దాంతో దున్నడానికి నేల లేదు. తర్వాత కట్టిన స్పీనె బ్యాంకె, సెర్రా వెనెర్దీ లాంటి పేటల్లో కొట్టాలు కూడా లేవు, అవి పట్టణపు క్వార్టర్లు. యువకులు మిలాన్, తూరిన్, జర్మనీ ఫ్యాక్టరీల బాట పట్టారు. ఈ చట్టాన్ని తప్పు పట్టేవాళ్ళు ఇవాళ చాలామంది ఉన్నారు, ఆ అందమైన ఊరిని ఖాళీ చేయించారని. నాకు మాత్రం ఆ వాదనలో న్యాయం కనిపించదు. పిల్లలు బతికారు. కొళాయి, మరుగుదొడ్డి, కిటికీ దొరికాయి. తప్పు ఖాళీ చేయించడంలో లేదు. గుహను సిగ్గుగా చూపించి, భూమి సంగతి వెనక్కి నెట్టడంలో ఉంది. సిగ్గుపడాల్సింది ఉమ్మడి నేలను మింగినవాళ్ళు, గుహల్లో బతికినవాళ్ళు కాదు.

ఆ సిగ్గు మాత్రం బతికినవాళ్ళ మీదే పడింది. సస్సిలో పుట్టామని చెప్పుకోవడానికి పెద్దవాళ్ళు చాలా ఏళ్ళు ఇష్టపడేవారు కాదని మా యజమానురాలు చెప్పారు. అమ్మమ్మ తన పిల్లలను అటువైపు ఆడుకోవడానికి కూడా వెళ్ళనిచ్చేది కాదట.

కింద ఊరు నిశ్శబ్దమైపోయింది. కప్పుల మీద అత్తిచెట్లు మొలిచాయి. చర్చి గోడల చిత్రాలను దొంగలు కోసుకుపోయారు. సినిమా దర్శకుడు పసొలీని ‘మత్తయి సువార్త’ తీయడానికి వచ్చాడు. 1964లో విడుదలైన ఆ సినిమాలో మతేరాయే యెరూషలేము. నలభై ఏళ్ళ తర్వాత మెల్ గిబ్సన్ కూడా క్రీస్తు కథకు ఇక్కడికే వచ్చాడు. 

ఊరిని బతికించినవాళ్ళు మాత్రం సినిమావాళ్ళు కాదు. 1959లో కొందరు యువకులు లా స్కలెత్తా అనే సంఘం పెట్టుకున్నారు. వారాంతాల్లో టార్చిలైట్లు పట్టుకుని లోయల్లో దిగి గుహ చర్చిలు ఒక్కొక్కటీ వెతికి, కొలిచి, ఫొటోలు తీసి జాబితా తయారు చేశారు. జనం ఛీ అన్న చోటును వాళ్ళు చరిత్రగా చూశారు. ఆ పట్టుదల వృథా పోలేదు. 1986లో 771వ నంబరు చట్టం వచ్చి సస్సి బాగుచేతకు వంద బిలియన్ల లీరాలు కేటాయించింది. ఇళ్ళలో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వానివి కాబట్టి, బాగుచేసుకునేవాళ్ళకు దీర్ఘకాలపు లీజుకు ఇవ్వడం మొదలైంది. 1993లో ఈ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, దక్షిణ ఇటలీ నుంచి మొట్టమొదటి పేరు. ఆ దరఖాస్తు వెనక పనిచేసిన వాస్తుశిల్పి పియెత్రో లౌరెయానో చూపించింది ఇంటి అందాన్ని కాదు, ఇందాక చెప్పుకున్న నీటి తెలివిని.

విడిదిళ్ళు మొదలైంది ఆ లీజుల నుంచే. ఇటలీలో దీనికి ఒక పాత నమూనా ఉంది. 1976లో ఉత్తరాన ఫ్రియూలి భూకంపంలో పాడైన పల్లెలను నిలబెట్టడానికి, ఒకే కట్టడంలో కాకుండా ఊళ్ళో అక్కడక్కడా ఉన్న పాత ఇళ్ళలోనే గదులు చేసి ఒకే హోటలుగా నడిపే ఆలోచన పుట్టింది. జంకార్లో దల్లారా అనే ఆయన దానికో రూపం ఇచ్చాడు. మతేరాలో పెద్ద హోటళ్ళు ఆ పద్ధతి పట్టుకున్నాయి. చిన్న కుటుంబాలు మాత్రం ఒక గుహ, రెండు గుహలు తీసుకుని సొంతంగా నడుపుతున్నాయి.

బాగుచేయడం సులువు కాదు. ఈ రాయికి సిమెంటు పడదు. సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా ఊడిపోతుంది. మళ్ళీ సున్నానికే రావాలి. కరెంటు తీగలు గోడలో కనపడకుండా నడపడానికి చోటు లేదు. మా గదిలో తేమను లాగే యంత్రం రాత్రంతా మెల్లగా తిరుగుతూనే ఉంది. అది ఆపితే ఉదయానికి దుప్పటి చెమ్మగిల్లుతుందని చెప్పారు. ఇంత సౌకర్యం పెట్టాక కూడా గుహ తన గుణం మానుకోలేదన్నమాట. ఆ యంత్రమూ లేని చోట, ఇంటిల్లిపాదీ ఒక జంతువూ కలిసి ఊపిరి పీల్చుకున్న రాత్రుల గురించి ఆలోచించకుండా పడుకోవడం నావల్ల కాలేదు. 

కొన్ని చోట్ల పాత గాడిలో నీళ్ళు నింపి స్నానాల తొట్టి చేశారు. గోడలకు నున్నగా పూసి పనిముట్ల గాట్లు కనపడకుండా చేశారు. అలాంటి చోట డబ్బుకు తగ్గ హాయి దొరుకుతుంది, ఇల్లు మాత్రం దొరకదు. మా విడిదిలో గాట్లు అలాగే ఉంచారు. గొడ్డలి ఒకే వైపు నుంచి పడిన వరసలు, అక్కడక్కడా దీపపు మసి, ఒక మూల పసివాడు గీసిన శిలువ లాంటి గీత. మతేరా వెళ్ళే తెలుగువాళ్ళకు నా సలహా ఇదే. గది తీసుకునే ముందు గోడ చూడండి.

వీలైతే లా మర్తెల్లాకు కూడా వెళ్ళండి. ఊరి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. యాత్రికులు రారు. క్వరోనీ చర్చి గుట్ట మీద, కిందికి వంకరగా దిగే వీధులు, ఒకే తీరు ఇళ్ళు. మేం వెళ్ళినప్పుడు చర్చి ముందు నీడలో కూర్చున్న ఒక పెద్దాయన మాట్లాడారు. చిన్నపిల్లవాడిగా తండ్రి భుజం మీద ఇక్కడికి వచ్చారట. పాత ఇంటి గురించి అడిగితే వాకిట్లో జనం గురించి చెప్పారు, ఎవరు ఏ గుమ్మంలో కూర్చునేవారో పేరుపేరునా. సస్సిలో ఇప్పుడు ఒక రాత్రికి అద్దె ఎంతో నేను చెబితే రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. మళ్ళీ అక్కడ ఉంటారా అని అడిగాను. “నీళ్ళు మోసింది మా అమ్మ. ఆవిణ్ణి అడగాల్సిన మాట అది” అన్నారు.

(వచ్చే వారం: అల్బెరొబెల్లో. పన్ను అధికారి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి విప్పేయగలిగేలా, సున్నం లేకుండా పేర్చిన రాతి కప్పుల ఊరు.)